కరెంటు లేని ఇంటికి హీటర్

మా ఇంటికి ఎవరొచ్చినా ముందు హీటర్‌ను చూసేవాళ్ళు, తర్వాత పాపను చూసేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు, చూపించేవాడు అట్లా చూపించేవాడు. మా ఆయన నరేందర్‌కు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగం. ఊళ్ళ నుంచి బ్యాగులు మోసుకొచ్చిన పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళకు ఏ కోర్సు కావాలో వాళ్ళు నోరు తెరవకముందే చెప్పేస్తాడు. ఆ నోరు ఇంటికొచ్చాక కూడా ఆగదు.

“ఆటోమేటిక్ అన్నా. గది వేడెక్కితే దానంతట అదే బందైతది. కింద పడితే సుత ఆగిపోతది. పాప కోసమే తెచ్చిన, ఖర్చుకు చూడలే,” అనేవాడు.

వచ్చిన చుట్టం వంగి, ఆ ఎర్ర కడ్డీల ముందు రెండు చేతులూ కాచుకుని, “మస్తున్నది తమ్మీ” అనేవాడు. అప్పుడు గుర్తొచ్చేది, తను వచ్చింది పాపను చూడ్డానికని.

పాప నా నైటీ లోపల, నా ఛాతీ మీద ఉండేది. ఆపరేషన్ కుట్లు గుంజుతుంటే పళ్ళు బిగబట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. చుట్టం నా వైపు చూడటానికి సిగ్గుపడి మళ్ళీ హీటర్ వైపే తిరిగేవాడు. నాకు ఆ హీటర్‌ను ఎత్తి కిటికీలోంచి విసిరేయాలనిపించేది.

పాప నెలలు నిండకముందే పుట్టింది. మొదటిసారి చేతుల్లో పెట్టినప్పుడు బట్ట బరువే తప్ప పాప బరువు తెలియలేదు. పంజాగుట్ట ఆస్పత్రిలో చాలా రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచి, ఆ తర్వాత నా ఒంటి మీదికి మార్చారు. ఒలీవియా అనే నర్సు దగ్గరుండి అన్నీ నేర్పింది.

“ఇంటికెళ్ళాక ఈ పెట్టె ఉండదు నిరోషా. మీ ఒళ్ళే పెట్టె. మధ్యలో బట్ట అడ్డం ఉండొద్దు. అమ్మ అలసిపోతే నాన్న, నాన్న లేకపోతే నానమ్మ. ఎవరి ఒళ్ళైనా పాపకు ఒకటే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడ్డాయంటే పాపకు చలేస్తోందని అర్థం. అస్తమానం పాదాలు చూస్తూ ఉండండి,” అని చెప్పి, నరేందర్ వైపు తిరిగింది. “బ్రదర్, షర్ట్ విప్పి ఈ కుర్చీలో కూర్చోండి. ఒకసారి చేయించి చూపిస్తాను.”

నరేందర్ నవ్వాడు. వార్డులో అటూ ఇటూ చూశాడు. మోగని ఫోన్‌ను చెవికి పెట్టుకుని “హా, చెప్పన్నా” అంటూ బయటికి నడిచాడు. ఆ సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చేతిలో హీటర్ డబ్బా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా మర్నాడు డిశ్చార్జ్, అందరి ముఖాల్లో సంతోషం, ఎందుకులే అని నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సింది.

హైదరాబాద్‌లో చలేందని నవ్వేవాళ్ళు మా ఇంట్లో ఒక్క డిసెంబర్ గడిపి చూడాలి. జీవమణి గారి మిద్దె మీద రేకులు వేసి కట్టిన రెండు గదులు మావి. ఎండాకాలం పెనం మీద ఉన్నట్టుంటుంది, చలికాలం గోడ ముట్టుకుంటే చేయి జివ్వుమంటుంది. హీటర్ వద్దని నేను ఏనాడూ అనలేదు. గదికి హీటర్ పెట్టు, పాపను నువ్వు పట్టు, అన్నాను. మొదటిది అందరికీ వినబడింది, రెండోది ఎవరికీ వినబడలేదు.

మా అమ్మ లేదు కాబట్టి పుట్టింటి పురుడు నాకు లేదు. మా అత్త కాంతవ్వే సిరిసిల్ల నుంచి వచ్చింది. వచ్చీ రాగానే కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కింది. నా చెవుల్లో దూది పెట్టింది. కొడుకును గడప అవతల నిలబెట్టింది.

“ఇరవై ఒకటి ఎల్లేదాక మగోళ్ళు ముట్టద్దు,” అంది.

“ఆస్పత్రిలనే అయిపోయినయి కద అత్తమ్మా ఆ దినాలు?”

“ఆస్పత్రి లెక్క నాకెందుకు? పిల్ల ఇల్లు ముట్టిన నాటి నుంచే లెక్క.”

నరేందర్ బుద్ధిగా తలూపాడు. శనివారం మటన్ బిర్యానీ తినే మనిషి. అమావాస్య నాడు డిస్కౌంట్ ఉందని బైక్ కొన్న మనిషి. వాళ్ళమ్మ పెట్టిన ఏ పట్టింపూ ఏనాడూ పాటించని మనిషి. పురుడు దగ్గరికి వచ్చేసరికి తల్లి గీసిన గీటు దాటని కొడుకైపోయాడు.

“అమ్మ వద్దంటుంది కద నిరోషా, నేనేం జెయ్యాలె? హీటర్ ఉన్నది కద,” అన్నాడు.

హీటర్ ఉన్నది కద. ఆ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. నాకు నడుము పడిపోతోందంటే హీటర్ పెంచుదామా అనేవాడు. గంటసేపు నిద్రపోతానంటే పాపను హీటర్ పక్కన పడుకోబెట్టమనేవాడు. గదిలో గాలి ఎండిపోయి పాప పెదవులు పగిలితే, హీటర్ ముందు గిన్నెలో నీళ్ళు పెట్టాలట, వీడియోలో చూశాడట. హీటర్ల మీద ఉన్న వీడియోలన్నీ చివరిదాకా చూశాడు. తన కూతురి పాదాలు మాత్రం ఒక్కసారి ముట్టుకుని చూడలేదు.

గోడకున్న ప్లగ్గు మంచానికి దూరం. అందుకని నా ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చి మంచం కింద పెట్టాడు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. కుట్టుమిషన్ మోటారుకి, చిన్న లైటుకి అని కొనుక్కున్న బాక్స్ అది. హీటర్ వేసిన కాసేపటికి దాని వైరు ముట్టుకుంటే చురుక్కుమనేది. అదే మాట చెప్తే, “హీటర్ వైరు వేడెక్కక సల్లగుంటదా?” అన్నాడు. ఆ తెలివికి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

కింద జీవమణి గారు క్రిస్మస్‌కు ఇంటి ముందు పెద్ద స్టార్ కట్టారు. మేము హీటర్ వేయగానే ఆ స్టార్ వెలుగు సగానికి పడిపోయేది. ఆవిడ మెట్లెక్కి వచ్చి, “ఏంటి నరేందర్, మీరు అది వేసినప్పుడల్లా మా స్టార్ డల్లయిపోతోంది. పాత వైరింగ్ నాయనా, అంత లోడు ఒక చిన్న బాక్స్ మీద పెట్టొద్దు,” అన్నారు.

“ఏం కాదాంటీ, ఆటోమేటిక్,” అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున ఎండ రాలేదు. మిద్దె మీద ఆరేసిన పాప గుడ్డలు ఆరలేదు. కాంతవ్వ వాటిని తెచ్చి కుర్చీ మీద పరిచి, కుర్చీని హీటర్ ముందుకు జరిపింది. గది నిండా సాంబ్రాణి పొగ వేసింది. నాకు తల స్నానం చేయించాలని వేడినీళ్ళు బాత్రూమ్‌లో పెట్టింది. పాపకు టోపీ పెట్టి, దుప్పటి చుట్టి, మంచం మీద పడుకోబెట్టాను. నరేందర్ ముందు గదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

“పాపను చూస్తుండు,” అన్నాను.

“చూస్తున్న,” అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

కాంతవ్వ నా వీపు మీద నీళ్ళు పోస్తుండగా వాసన వచ్చింది. సాంబ్రాణి వాసన కింద ఇంకో వాసన. ఇస్త్రీ పెట్టె మర్చిపోతే జాకెట్ లైనింగ్ కరిగి అంటుకుంటుంది చూడండి, ఆ వాసన.

“అత్తమ్మా, ఏందో కాలుతున్నది.”

“సాంబ్రాణే బిడ్డా. కండ్లు మూసుకో, సబ్బు పడ్తది.”

“ఇగో! ఏం కాలుతుందో చూడు!” అని నేను బాత్రూమ్‌లోంచి అరిచాను.

“అమ్మ పొగేసింది!” అని నరేందర్ కూర్చున్న చోటి నుంచే అరిచాడు.

ఇల్లంతా పొగ మేమే వేసుకుని, ఆ పొగలోనే కాలుతున్నదాన్ని దాచుకున్నాం. నేను టవల్ చుట్టుకుని, సబ్బు నురగతోనే పరుగెత్తాను. గదిలో తెల్లటి పొగ, మంచం కింద నుంచి నల్లటి పొగ. బాక్స్ కరిగి ముద్దయిపోయింది, దాని లోపల ఎర్రగా ఏదో కణకణలాడుతోంది. మంచం మీంచి వేలాడుతున్న దుప్పటి అంచు దానికి జానెడు దూరంలో ఉంది. కుర్చీ మీద గుడ్డలు అంచుల వెంట గోధుమరంగుకు తిరిగాయి. కింద పడితే ఆగిపోయే హీటర్, వేడెక్కితే బందయ్యే హీటర్, నిక్షేపంగా ఎర్రగా వెలుగుతూనే ఉంది.

ఎడమ చేత్తో పాపను ఎత్తుకున్నాను. కుడి చేత్తో ఏది దొరికితే అది పట్టుకుని గుంజాను. దొరికింది బాక్స్ దగ్గరి వైరు. ప్లగ్గు గోడలోంచి ఊడి వచ్చింది, కరిగిన ప్లాస్టిక్ నా అరచేతికి అంటుకుంది. టప్‌మని శబ్దం వచ్చి కింది ఇంట్లో కూడా కరెంటు పోయింది. నేను పెట్టిన కేకకు పాప లేచి గుక్కపట్టింది. ఆ ఏడుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

జీవమణి గారు చర్చికి కట్టుకున్న పట్టుచీరతో పరుగున వచ్చారు. మీటర్ దగ్గర నుంచే వైరు కాలిపోయిందట, మెయిన్ ఆపేశారట. వాళ్ళ చర్చిలోనే ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు, ఆరాధన అయ్యాకగానీ రాడు. “ముందు ఆ చేయి కుళాయి కింద పెట్టు తల్లీ, నేను చెప్పేదాకా తీయకు. పాప కూడా పొగ పీల్చింది, ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. ఆటో పిలుస్తాను,” అని దిగిపోయారు.

పొగ పోవడానికి కిటికీలు తీశాం. చీర ముక్కలన్నీ ఊడబీకాం. ఇన్నాళ్ళూ బయట నిలబెట్టిన చలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. నేను ఏదో నైటీ తగిలించుకుని, బయట కుళాయి కింద చేయి పెట్టుకుని కూర్చున్నాను. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి, ఒళ్ళు గజగజలాడుతోంది. పాప కాంతవ్వ చేతుల్లో దుప్పట్లో ఉంది.

నరేందర్ చచ్చిన హీటర్ ముందు నిలబడి దాన్ని పరీక్షగా చూశాడు.

“దీని తప్పేం లేదు. బాక్సే లోకల్ది,” అన్నాడు.

దేవుడా అనుకున్నాను. గట్టిగా ఊపిరి పీల్చుకుని, “అంగి విప్పి పాపను మీదేసుకో. నా ఒళ్ళు తడిగున్నది, నా చెయ్యి గిట్లున్నది. చూస్తున్నవ్ కద?” అన్నాను.

అతను వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె పాప వైపు చూసింది.

“నువ్వు ఫికర్ చెయ్యకు,” అన్నాడు చివరికి. “పంజాగుట్టల ఆయిల్ హీటర్ దొరుకుతది. అది మస్తు సేఫ్. గిట్ల పోయి గట్ల వస్త.”

“కరెంట్ లేదు!”

“వస్తది కద జర సేపట్ల,” అంటూ మెట్లు దిగాడు. బైక్ స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది.

కరెంటు లేని ఇంటికి హీటర్ కొనడానికి పోయాడు. చేయి మంట ఒక ఎత్తు, ఈ మంట ఒక ఎత్తు. పెళ్ళయినప్పటి నుంచీ నేను అతన్ని తిట్టుకున్న తిట్లన్నీ కలిపినా ఆ క్షణానికి చాలలేదు. నాకు తెలిసిన తిట్లన్నీ పైకే తిట్టాను. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్నామె పని ఆపి మరీ వింది. విననీ.

“కుంపట్ల బొగ్గులేస్త, అగ్గి చేస్త,” అంది కాంతవ్వ.

“ఇంకా పొగనా అత్తమ్మా! పాదాలు చూడు ముందు!”

ఆమె దుప్పట్లో చేయి పెట్టింది. ముఖం మారిపోయింది. “సల్లగున్నయి,” అంది.

“పొట్ట?”

“పొట్ట వెచ్చగనే ఉన్నది. కాళ్ళే.”

“జాకెట్ హుక్కులు విప్పు. పాపను లోపల పెట్టుకో. నానమ్మ పెట్టుకోవచ్చని నర్సు చెప్పలేదా?”

ఆమె కాదంటుందని, నేను ఇంకో యుద్ధం చేయాలని సిద్ధంగా ఉన్నాను. ఆమె గోడవైపు తిరిగి హుక్కులు విప్పింది. పాప బట్టలు తీసి, కాళ్ళు కప్ప కాళ్ళలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, ముక్కుకు గాలి ఆడేట్టు గడ్డం కొంచెం పైకెత్తి, రొమ్ముల మధ్య ఆనించుకుంది. కొంగును చుట్టూ తిప్పి వీపు వెనక గట్టిగా ముడేసింది. ఒలీవియా నాకు నేర్పడానికి ఎన్నిసార్లు చూపించిందో ఆ పని, ఈమె చేతులు వాటంతటవే చేసేశాయి.

నేను కుళాయి దగ్గర నుంచి అలాగే చూస్తుండిపోయాను. “నీకెట్లెరుక?” అన్నాను.

ఆమె పాపను చిన్నగా ఊపుతూ నిలబడింది.

“నరేందర్ సుత ఏడో నెలలనే పుట్టిండు,” అంది. “సచ్చిపోతడనే అన్నరు. గప్పుడు సుత సలికాలమే. గిట్లనే కట్టుకొని మగ్గానికి కండెలు చుట్టిన. నాకు చేతగానప్పుడు మీ మామ మగ్గం దిగొచ్చి ఆయన మీదేసుకునేటోడు. దుప్పటి సుత లేకుండె బిడ్డా.”

“మామ ముట్టిండా? పురుట్ల?”

“పురుడెవరు చూసిన్రు? పిల్లగాడు బతికితే సాలనుకున్నం.”

“మరి నాకెందుకు చెప్పలే అత్తమ్మా? రోజూ చూస్తున్నవ్ కద నన్ను!”

“గతి లేక చేసిన పని. ఎవరికన్న చెప్పుకుంటరా?” ఆమె నా వైపు చూడలేదు. “కొడుకు మిషిన్ కొనుక్కొచ్చిండు. మా బాధ మీకు తప్పిందనుకున్న. మంచిగనే అయిందనుకున్న.”

ఆమె మీద జాలి పడాల్సిందేమో. నాకు జాలి రాలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చుని కూర్చుని నడుము విరిగిపోతుంటే, ఈమెకు అన్నీ తెలిసి కూడా నా చెవుల్లో దూది సర్దింది. కొడుకును గడప అవతల నిలబెట్టింది. లేనప్పటి బతుకును దాచుకోవడానికి నా పాప పాదాలు చల్లబడాలా? ఆ మాట పైకే అన్నాను. ఆమె పాప వీపు మీద చేయి తీయలేదు.

నరేందర్ పెద్ద డబ్బా భుజం మీద మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. వాళ్ళమ్మను చూసి టక్కున తల పక్కకు తిప్పుకున్నాడు.

“అమ్మా, గిదేంది?”

“ఏందా? నువ్వు బతికిన తీరు రా ఇది,” అంది కాంతవ్వ. అప్పటిదాకా నాకు జవాబు చెప్పని మనిషికి గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో. “మీ నాయిన అంగి విప్పితే బతికినవ్ నువ్వు. డబ్బా దించు. అంగి విప్పు.”

“మరి పురుడు...”

“పెట్టింది నేను, తీసేస్తున్న నేను. విప్పు.”

విప్పాడు. చలికో, సిగ్గుకో ఒళ్ళంతా ముడుచుకుని నిలబడ్డాడు. కాంతవ్వ పాపను అతని ఛాతీ మీద అతికించి, తన పాత చీరతో చుట్టి కట్టి, మీద చొక్కా వేసి గుండీలు పెట్టింది. ఈలోగా జీవమణి గారు కింద నుంచి ఎట్టకేలకు ఆటో దొరికిందని కేకేశారు. నా చేతికి తడిగుడ్డ చుట్టుకుని నేనూ, ఛాతీ దగ్గర ఎత్తుగా ఉన్న చొక్కాతో అతనూ మెట్లు దిగాం. డబ్బా వాకిట్లోనే ఉండిపోయింది.

ఆటో అమీర్‌పేట రోడ్డు మీదికి వచ్చింది. రెండు పక్కల నుంచీ గాలి కొడుతోంది. అతను పనిచేసే కోచింగ్ సెంటర్ ముందు నుంచే పోయాం. మెట్ల మీద టీ తాగుతున్న పిల్లలు కొందరు సార్‌ను గుర్తుపట్టి చేయి ఊపారు. అతను చేయి ఎత్తలేదు. రెండు చేతులూ చొక్కా మీద పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

పంజాగుట్ట దగ్గర రెడ్ సిగ్నల్ పడింది. పక్కన బైక్ మీద ఆడామగా మా ఆటోలోకి తొంగిచూశారు. చొక్కా గుండీల మధ్య నుంచి చిన్న ఊలు టోపీ కనబడి, ఆమె బైక్ నడిపేవాడిని మోచేత్తో పొడిచింది. నరేందర్ చెవులు ఎర్రబడ్డాయి.

“నిరోషా,” అన్నాడు మెల్లగా. “గిట్ల ఎంతసేపు పట్టుకోవాలె?”

“ఆ హీటర్ ఎన్నడన్న అడిగిందా నిన్ను, ఎంతసేపని?” అన్నాను. డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. చూడనీ అనుకున్నాను.

గ్రీన్ సిగ్నల్ పడింది. నేను కాలని చేతిని అతని చొక్కా కిందికి పోనిచ్చి, చీర మడతల్లోంచి పాప పాదాలు వెతికాను. చిన్న వేళ్ళు నా వేలిని పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. పాదాలు వెచ్చగా ఉన్నాయి.

ఆ మాట అతనికి చెప్పలేదు. చెప్తే, ఇక చాలు కదా అంటాడు.